నా కాల్లోని ప్లేటును దాచి సాక్ష్యం చెప్పను

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ ఆదివారం సాక్ష్యం చెబుతానంటే మన సంఘ పెద్ద డేనియల్ అన్న, "ప్లేటు సంగతి వద్దమ్మా, ప్రార్థన సంగతి మాత్రం చెప్పు" అన్నారు. అలా సగం చెప్పడం నావల్ల కాదు!

నేను సుగుణను, బోయిగూడలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని బతికేదాన్ని, ఏళ్లుగా షుగరు ఉంది. మారేడ్‌పల్లిలో ఆటో దిగుతూ పడితే మోకాలి కింద ఎముక విరిగింది, ఆస్పత్రిలో ఎముకకు లోహపు ప్లేటు వేసి, అతుక్కునే దాకా ఆ కాలి మీద బరువు మోపొద్దని చెప్పి పంపారు, నెలలు గడిచినా అతకలేదు, షుగరు ఉన్నవాళ్ల ఎముక అలాగే మొండికేస్తుంది. అప్పుడు మీరేం చేశారు? ఉపవాస కూడికకు తీసుకొచ్చారు, షుగరు మనిషి పొద్దుటి నుంచి ఏమీ తినలేదన్న ధ్యాస కూడా లేకుండా నా వాకరు లాగేసుకుని, నమ్మి నడువమ్మా అంటూ చప్పట్లు కొట్టారు! పడుతూ లేస్తూ వేదిక దాకా వెళ్తే హల్లెలూయ అన్నారు, ఫొటోలు తీశారు. ఇంటికెళ్లేసరికి కాలు వాచిపోయింది, ప్లేటు వంగింది, స్క్రూలు కదిలాయి. దానికి మీరన్న మాటేమిటి? "సుగుణకు విశ్వాసం చాలలేదు." చేసింది మీరు, తప్పు నాదా! ఆ కోపం చల్లారిందని దేవుని సన్నిధిలో అబద్ధమాడలేను.

మంచం మీద పడి అరిచాను. "ప్రభువా, నీ బిడ్డలే నాకీ గతి పట్టించారు, నాకు నువ్వు తప్ప దిక్కెవరు, ఈ కాలు తీసేసే రోజు రానీయకు తండ్రీ!" నా దేవుడు చెవిటివాడు కాదు, విన్నాడు.

మళ్లీ ఆస్పత్రికి వెళ్తే, అక్కడికి అల్వాల్ నుంచి వచ్చే ఎముకల డాక్టరమ్మ, మన సంఘం మనిషి కాదు, నా పక్కన కూర్చుని చెప్పింది. "అమ్మా, వంగిన ప్లేటు తీసి ఇంకోటి ఏస్తం. ఇది జెర కొత్తది, ఇంకా ట్రయల్లనే ఉంది. ఈ ప్లేటు మీద పూత ఉంటది, అండ్లకెళ్లి గ్యాస్ మెల్లగ కొంచెం కొంచెం వస్తది. షుగర్ తోని లోపల ఉన్న వాపు తగ్గి ఎముక అతుకుతదని మా ఆశ. గ్యారంటీ ఇయ్యలేను. ఇది సుత ఫెయిలైతే కాలు కాపాడుడు కష్టమే. ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట సుత బంద్ పెట్టొద్దు."

ఇది విని డేనియల్ అన్న మా ఇంటికొచ్చి, "ఎముకలో గ్యాసేమిటమ్మా, వంటింటి సిలిండరా? దేవుని ఊపిరి చాలదా?" అన్నారు. అన్నా, మట్టిలోకి ఊపిరి ఊదినవాడు లోహపు ముక్క మీది పూతతో పని చేయించుకోలేడా? మీ దేవుడు అంత చిన్నవాడా? ఆ రోజు ఒంట్లో ఓపిక లేక అడగలేదు, ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

ఆపరేషన్ అయింది, వాకరుతోనే ఉన్నాను, వేళకు తిన్నాను, సూది వేసుకున్నాను, ప్రతి పూటా ప్రార్థించాను. మొన్న ఎక్స్‌రేలో విరిగిన చోట ఎముక కట్టుకుని కనిపించింది! పూత వల్లేనా అంటే, మిగతావాళ్ల ఫలితాలు కూడా చూడాలి అని డాక్టరమ్మ నిజాయితీగా చెప్పింది. నాకు మాత్రం నా కాలు నాకు దక్కింది, ఈ రోజు దాని మీద నిలబడి మాట్లాడుతున్నాను, దేవునికే మహిమ!

ఇంత కోపంగా ఎందుకు చెబుతున్నానో వినండి. మన మానెమ్మ కాలికి గుడ్డ చుట్టుకుని అదిగో ఆ మూల కూర్చుంది, పోయిన కూడికలో తనకు నయమైపోయిందని మీరు ప్రకటించాక ఇన్సులిన్ మానేసిందట, పుండు నల్లబడుతోందట. మానెమ్మా, నన్ను లేపిన దేవుణ్ణే నమ్ముకో, నమ్మకంతోనే సూది వేసుకో. ఆటో గేటు దగ్గరే ఉంది, ముగింపు ప్రార్థన దాకా కూడా ఆగను, నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. ఆపాలనుకున్నవాళ్లు రండి, వచ్చి ముందు ఆ గుడ్డ విప్పి పుండు చూడండి.