రాధారాణి ఎక్కని విమానం

మా లక్ష్మీపతి అన్నయ్యకి ఈ లోకంలో నమ్మకం ఉన్నది ఒక్క కొలతల మీదే. పగలంతా కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు, ఇంటికొచ్చినా అదే ఉద్యోగం. వదిన ఇచ్చిన కాఫీలో థర్మామీటరు ముంచి చూసి, అప్పుడు తాగేవాడు. అలాంటి మనిషి రెండువేల ఒకటిలో ఓ ట్రక్కు నిండా చెక్కపెట్టెలు తెప్పించి గరాజ్‌లో దింపించాడు. కొత్త సోఫా సెట్ అనుకుని రాధారాణి వదిన ట్రక్కు డ్రైవర్‌కి మజ్జిగ కూడా ఇచ్చింది.

పెట్టెల్లో ఉన్నది విమానం. ముక్కలుగా.

"మనమే కట్టుకోవాలి రాధా. రెండు సీట్లు. నాకొకటి, నీకొకటి."

"మరి కార్లెక్కడ పెడతారు?"

"ఎండలో."

మేముండే ఈ ఎడారి ఊళ్లో, చాండ్లర్‌లో, ఎండలో నిలబెట్టిన కారు స్టీరింగ్ ముట్టుకుంటే చేతిలో గీతలు మారిపోతాయి. జాతకం మార్చుకోవాలనుకునేవాళ్లు జ్యోతిష్కుడి దగ్గరికి పోనక్కర్లేదు, జూన్‌లో ఇక్కడికొస్తే చాలు.

అయినా వదిన వద్దనకపోగా, పనిలోకీ దిగింది. అల్యూమినియం రేకుల్ని రివెట్లతో, అంటే మొన లేని చిన్న మేకులతో, అతకాలంటే ఇద్దరు మనుషులు కావాలట. బయట ఒకరు గన్‌తో కొడుతుంటే, లోపల ఇంకొకరు ఆ రివెట్ వెనకాల ఇనప దిమ్మె అదిమి పట్టుకోవాలి. తోకలోపలి సందులో అన్నయ్య తల పట్టింది కానీ పొట్ట పట్టలేదు. దాంతో దిమ్మె వదిన చేతికొచ్చింది. శనాదివారాలు ఆవిడ తోకలో పడుకుని ఉండేది, చెవుల్లో దూది కుక్కుకుని. పేరంటానికి పిలవడానికి వెళ్తే రెండు పాదాలు మాత్రం బయటికి కనిపించేవి.

"ఎవరూ, నువ్వా? కాళ్లు బయటే ఉన్నాయిగా, పసుపు రాసిపో!" అని తోకలోంచి గొంతు వచ్చేది.

విమానం పూర్తయింది, ఈలోగా అన్నయ్య పైలట్ లైసెన్సూ తెచ్చుకున్నాడు. రూలు ప్రకారం మొదట్లో కొన్నాళ్లు అన్నయ్య ఒక్కడే నడిపాడు. ఆ గడువు కూడా తీరాక, పక్క సీట్లో వదిన కూర్చునే రోజు వచ్చింది. ఎయిర్‌పోర్టులో విమానం నిలిపే షెడ్డులో, అదే హ్యాంగర్‌లో, పూజ పెట్టుకున్నారు. మేమంతా పిల్లాజెల్లాతో వెళ్లాం. పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ ప్రొపెల్లర్ మీద కొట్టబోతే అన్నయ్య పరిగెత్తుకెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వదిన పట్టుచీర కట్టి, కింద స్నీకర్లు తొడుక్కుని, కొత్త పెళ్లికూతురిలా నిలబడి ఉంది.

అప్పుడు అన్నయ్య జేబులోంచి కాలిక్యులేటర్ తీశాడు.

"రాధా, నీ వెయిట్ ఎంత?"

అసలే రేకుల హ్యాంగర్, మాట మోగింది. పులిహోర తింటున్నవాళ్లు నమలడం ఆపేశారు. వదిన మెల్లిగా చెప్పింది. ఎంతో నేను చెప్పను.

"నిజం చెప్పు. ఫ్యూయల్ లెక్క కట్టాలి."

"నిజమే చెప్పాను."

"చీరతోనా, చీర లేకుండానా?"

ఆడవాళ్లం నేల చూపులు చూశాం. మగవాళ్లకి ఒక్కసారిగా దగ్గొచ్చింది. అన్నయ్యకి ఇదేమీ పట్టలేదు, కార్ ట్రంక్‌లోంచి వెయింగ్ మెషీన్ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. వదిన ఒక నిమిషం దానివంక చూసింది. తర్వాత, జనం ఇంకా వడ్డించుకుంటుండగానే, పులిహోర గిన్నె చంకనెత్తుకుని కారెక్కి ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు పక్క సీట్లో ఎగిరింది పంతులుగారు. అడక్కుండానే మెషీన్ కూడా ఎక్కారు.

ఆ తర్వాత చాండ్లర్‌లో మా తెలుగువాళ్లలో ఆ విమానం ఎక్కనివాళ్లు లేరు. శశికాంత్ అనే మాస్టర్స్ కుర్రాడు రెక్కకి ఆనుకుని ఫొటో దిగి గుంటూరు పంపితే, నెల తిరక్కుండా మూడు సంబంధాలొచ్చాయి. నేనూ ఎక్కాను. నా వెయిట్ అడిగితే పది పౌండ్లు మింగేసి చెప్పాను. అన్నయ్య మారుమాట లేకుండా నమ్మేశాడు. పరాయి ఆడవాళ్లంటే ఆయనకి మహా నమ్మకం.

"మరి మీ ఆవిడెక్కరా?" అని ఎవరడిగినా, "తనకి హైట్స్ అంటే భయమండీ" అనేవాడు. గ్రాండ్ కాన్యన్ లోయ అంచున కాళ్లు వేలాడేసుకుని పెరుగన్నం తిన్న మనిషికి భయమట! వదిన కాదనేది కాదు. ఆయన అబద్ధం పూర్తయ్యేదాకా పక్కన కూర్చుని అప్పడం నమిలేది.

రెండువేల పద్నాలుగులో పైలట్లకి సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు అన్నయ్య గుండె చూసి, ఇక సంతకం పెట్టనన్నాడు. అమ్మక తప్పలేదు. మొదట వచ్చినవాడికి ఇంజనొక్కటే కావాలట. మిగతాది కోసి రేకుల కింద తూకానికి వేస్తాడట. అన్నయ్యకి రెండ్రోజులు అన్నం సయించలేదు. "వేరే ఎవరూ రాకపోతే సోమవారం రా" అని వాడికి చెప్పి పంపాడు.

శనివారం న్యూమెక్సికో నుంచి డోనా వచ్చింది. స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి, పైలట్ లైసెన్సూ ఉంది. ఆ సమయానికి నేనూ వదినా వాళ్ల పెరట్లో గుమ్మడి వడియాలు పెడుతున్నాం. వదిన ఫోన్ మోగింది, హ్యాంగర్ నుంచి అన్నయ్య. చేతుల నిండా పిండి కదా, స్పీకర్‌లో పెట్టాం.

"రాధా, డోనా అని ఒకావిడొచ్చింది. ఎగరడానికే కొంటానంటోంది."

"మంచిది. ఇచ్చెయ్యండి."

"టార్చ్‌లైట్ వేసి తోకలోపల చూసింది. ఇంత సందులో దూరిందెవరు అనడిగింది. మా ఆవిడన్నాను. ఆవిడెప్పుడూ ఎక్కలేదనీ చెప్పాను. కట్టిన మనిషే ఎక్కని విమానం తను కొనదట. నువ్వు ఎక్కితేనేనట."

"నాకు హైట్స్ అంటే భయం కదండీ" అంది వదిన. అంత తియ్యగా అనేసరికి నాకే భయం వేసింది.

"సోమవారం ఆ ఇంజనువాడొస్తాడు రాధా. రంపం తెస్తాడు."

వదిన చేతిలో వడియం ఆగింది. "తోక కూడా కోస్తాడా?"

"ముందు తోకే."

వదిన చేతులు కడుక్కుంది. "కారు నువ్వు తియ్యి" అంది నాతో. "ఆ తోక కోయనివ్వను."

మేం వెళ్లేసరికి డోనా రెక్క కింద నిలబడి ఉంది. ఆరడుగుల మనిషి, కాళ్లకి బూట్లు. వదినని చూడగానే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆ తోక పని నీదేనా? ఒక్క రివెట్ కూడా వంకర పోలేదు. మరి ఎక్కవెందుకు?"

అన్నయ్య చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. కాలిక్యులేటర్! ఆయన మోచెయ్యి నేను గిల్లాను. గట్టిగానే గిల్లాను.

డోనా తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "నేను నూట తొంభై పౌండ్లు, బూట్లతో కలిపి. నువ్వెంత, హనీ?"

వదిన గట్టిగా చెప్పింది. డోనా తలూపి, "సరిపోద్ది, పద" అంది. అంతే.

వదిన అన్నయ్య వైపు తిరిగి తెలుగులో అంది, "అప్పటికంటే ఎనిమిది పౌండ్లు పెరిగాను. అప్పుడు చెప్పింది కూడా నిజమే."

"నేను... రాధా, ఆ రోజు..."

"వచ్చాక చెబుదురు గానీ, ఆ చున్నీ కొస డోర్‌లో పడకుండా చూడండి."

ఆయన చున్నీ సర్ది, డోర్ వేసి, వెనక్కి వెనక్కి నడిచాడు. విమానం పరిగెత్తి, తేలి, దక్షిణం వైపు తిరిగింది.

"ఇంత చప్పుడు చేస్తుందా ఇది?" అన్నాడు అన్నయ్య. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లలో ఆయన తన విమానం ఎగరడం కింద నిలబడి చూసింది ఎప్పుడు? అది పైనున్నప్పుడల్లా ఆయనా పైనే.

"కాస్త ఎడమకి వాలుతోంది కదూ? గాలి ఎక్కువైందేమో. మీ వదినకి కళ్లు తిరుగుతాయేమో. నీళ్ల బాటిల్ ఇచ్చామా?" అంటూ ఆయన అటూ ఇటూ తిరుగుతుంటే ఓ మడత కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోలేదు. ఒక చుట్టు అన్నవాళ్లు ఎంతకీ రారు. ఆఖరికి దూరంగా చుక్కలా కనిపించగానే రెండు చేతులూ ఎత్తి ఊపడం మొదలుపెట్టాడు, చక్రాలు నేలకి ఆనేదాకా.

వదిన దిగింది. జడ సగం ఊడింది, బొట్టు చెమటకి కారింది. ముందు డోనా మాట్లాడింది.

"కొంటున్నాను. సగం దూరం ఈవిడే తోలింది. ఇక చాలు, నడిపే స్టిక్ ఇవ్వమంటే ఇవ్వదే!"

సంతకాలయ్యాయి. కొండల వెనక ఎండ వాలకముందే డోనా విమానంతో సహా వెళ్లిపోయింది. ఖాళీ హ్యాంగర్‌లో అన్నయ్య ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు. వదినే దగ్గరికెళ్లి ఆయన చొక్కా కాలరు సరిచేసింది. అన్నయ్య కారు అక్కడే వదిలేసి, ఇద్దర్నీ నా కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

దారిలో అన్నయ్యే ముందు మాట్లాడాడు. "అప్పుడు జనంలో అలా అడగకుండా ఉండాల్సింది."

"ఊఁ."

"ఇందాక కింద నుంచి చెయ్యి ఊపాను. కనిపించానా?"

"కనిపించారు. బాగా చిన్నగా."

నాకు నవ్వాగక సిగ్నల్ దగ్గర బ్రేక్ గట్టిగా వేశాను. అద్దంలో చూస్తే అన్నయ్యా నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఇంకేం కనిపించాయి, చెప్పు" అన్నాడు. వదిన మొదలుపెట్టింది: కాలవ, మొక్కజొన్న చేలు, ఎవరి పెరట్లోనో పచ్చగా మారిన స్విమ్మింగ్ పూల్. ఆయన ఎన్నిసార్లు తిరిగిన దారో అది. ఎప్పుడూ వెళ్లని ఊరి కబుర్లలా వింటున్నాడు.

"మనింటి మీంచీ వెళ్లాం" అంది వదిన. "కప్పు మీద ఉత్తరం వైపు పెంకులు లేచిపోయాయి. ఇన్నేళ్లు దానిమీదే తిరిగారు కదా, ఒక్కసారైనా కిందకి చూడలేదా?"

"నేను నడుపుతుంటాను కదా రాధా, ముందుకి చూడాలి."

"నేనూ నడిపాను. నాకు కనబడలా?"

అన్నయ్య కారు కిటికీలోంచి దారిలోని ఇళ్ల కప్పులు చూడసాగాడు.

"పోనీలెండి" అంది వదిన, ఆయన భుజానికి ఆనుకుని. "ఇక శనివారాలు ఖాళీయేగా మీకు."