కొవ్వు ముక్క తీసేసిన మా వదిన

మొన్న పొద్దున అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ వదినె పోయింది" అన్నాడు. నిద్రలోనే పోయిందట.

పలకరింపుకు వచ్చినవాళ్లంతా ఆమెను దేవతను చేశారు. ఒకప్పుడు గయ్యాళి అన్నదీ ఈ నోళ్లే. నాకు జ్ఞాపకశక్తి చెడలేదు కనుక రాస్తున్నాను.

మా ఇళ్లలో పండుగకు పంది కూర వండుతారు. సభల్లో పేదల తిండి మీద ఉపన్యసించి, మా గడపలో మంచినీళ్లయినా ముట్టని మేధావులను చాలామందిని చూశాను. వాళ్లను వదిలేద్దాం. మాలోనూ ఒక మర్యాద ఉంది: గౌరవించదలచిన మనిషికి తోలుతో ఉన్న కొవ్వు ముక్క వేయాలి. కొవ్వు ఎంత మందమైతే అంత గౌరవం.

గుండెపోటు నుంచి అన్న బయటపడ్డాక, డాక్టర్ పంది మాంసం మానెయ్యమన్నాడు. వదిన కుర్చీలోంచి లేవలేదు.

"ఏ ముక్క సారూ? అన్నీ ఒక్కతీరుగ ఉంటయా?"

ఆయన నవ్వి, ఓపిగ్గా విడమరిచాడు. పొట్ట భాగంలో కొవ్వే ఎక్కువ, అది అసలు వద్దు. నడుము దగ్గరి మెత్తటి కండలో, కొవ్వు తీసిన తొడలో మాంసకృత్తులూ బి విటమిన్లూ దండిగా ఉంటాయి, ఎప్పుడైనా కొంచెం తినవచ్చు. కార్జంలో ఇనుము ఉంది కానీ కొలెస్ట్రాల్ కూడా ఉంది. ఉప్పు పట్టించి నిల్వ చేసినది ముట్టుకోవద్దు.

ఆ దసరాకు వర్ధన్నపేటలో మా పెద్దబావ ఇంట్లో బంతి భోజనాలు. బావ ప్రేమగా అన్న విస్తట్లో అరచేయంత కొవ్వు ముక్క వేశాడు. కాదనలేక అన్న చెయ్యి పెట్టబోయాడు. వదిన వంగి ఆ ముక్కను తీసేసింది.

"ఏంది చెల్లె, నా బామ్మర్ది ఇస్తార్ల చెయ్యి పెడ్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ నేను తింట అన్నా. ఆయనకు తొడల కండ ఉంటె ఎయ్యి, కొవ్వు తీసి."

బంతి మొత్తం చేతులాపి చూసింది. అక్కడే నిలబడి ఆ ముక్క తినేసింది మా వదిన. మొగుణ్ణి నోరారా తిననివ్వదని ఏళ్లపాటు ఆడిపోసుకున్నారు. శుభకార్యాలకు పిలుపులు తగ్గాయి.

"పిలువకుంటె పాయె. మనిషున్నడు గద" అనేది.

మొన్న వదిన పాడె పట్టుకుని "బంగారమసొంటి చెల్లె" అని బావ ఏడ్చాడు. ఏడవనీ. ఆమె క్షమించి ఉండవచ్చు, నేను క్షమించలేదు.

ఇవాళ పొద్దున కొత్తవాడ రోడ్డు మీద అన్న నడుస్తూ కనిపించాడు. గుండె గట్టిగానే ఉంది, అడుగు తడబడటం లేదు. గోడ పక్కన, రోజూ వదిన నడిచే వైపు, ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తున్నాడు.