ఇద్దరికీ సరిపడే చక్రాలు

పోయిన వారం పటాన్‌చెరు సర్వీసు రోడ్డు మీద వాననీళ్లు నిండిన ఒక గుంటలో మా ఎర్ర కారు వెనక చక్రం దబ్బున పడింది. కారును అలాగే కుంటించుకుంటూ మెకానిక్ తమ్ముడి షెడ్డుకు తీసుకెళ్లాను. సొంత తమ్ముడేమీ కాదు. ఇక్కడి ఊరివాడే. వాళ్ల నాన్న జొన్న వేసిన చేను ఇప్పుడెవరిదో గోడౌను. నన్ను మొదటిరోజే అక్కా అన్నాడు కాబట్టి, మా ఆయన్ని బావా అని పిలిచే హక్కు కూడా తనకు తానే తీసుకున్నాడు. చక్రం విప్పి, నేల మీద దొర్లించి చూసి, తల గోక్కున్నాడు. "అక్కా, రిమ్ము వంకర వోయింది. గిసోంటిది ఇప్పుడు యాడ దొరకది. బావ చేయించిన చక్రాలు ఇంట్లనే ఉన్నయి గదా, అవే ఎక్కిద్దామా?" అన్నాడు.  తనే మళ్లీ, నా వైపు చూడకుండా, "ఇప్పుడైతే తాకయి" అని మెల్లగా అన్నాడు. అనేశాక తన మాటకు తనే ఉలిక్కిపడి, అవసరం లేకపోయినా పానా కోసం వెతుకుతూ షెడ్డు లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడైతే ఎందుకు తాకవో చెప్పాలంటే మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన పోయి రెండేళ్లయింది. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నేను సంగారెడ్డి పిల్లను. ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో, ఆయన ఫోర్జింగ్ షాపులో, నేను ఆఫీసులో పనిచేస్తూ మా పెళ్లి మేమే కుదుర్చుకున్నాం. ఎర్రగా కాల్చిన లోహపు దిమ్మ మీద పెద్ద ప్రెస్సు దిగినప్పుడల్లా, ఫ్యాక్టరీ పక్క కాలనీలో ఉన్న మా ఇంట్లో గాజు గ్లాసులు గలగలమనేవి. కొత్తలో భూకంపమని భయపడ్డాను. తరవాత ఆ గ్లాసులు ఆగిపోతేనే, ఆయనకు ఏమైందోనని భయం వేసేది.

పెద్దగా వ్యసనాలు లేని మనిషికి యాభై దాటాక ఒక వ్యసనం పట్టుకుంది. ఎవరో పారిశ్రామికవేత్త కొడుకు విసుగొచ్చి అమ్ముతున్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎంత కిందికి ఉండేదంటే అందులో కూర్చోవడం కాదు, దిగబడటమే. చీర కట్టుకుని అందులోంచి లేవడం నేను నేర్చుకున్న ఆసనాల్లో అన్నిటికంటే కష్టమైనది. మా అక్క చూసి, "పిల్లల పెండ్లిళ్లు చేసే వయసుల ఎర్ర కారేందే మీకు?" అని మూతి తిప్పింది. మాకు పిల్లలు లేరన్న సంగతి అంత తొందరగా మరిచిపోగలిగినందుకు ఆమెకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కారు బాగానే ఉంది, చక్రాలే ఆయనకు నచ్చలేదు. అవి పోత పోసినవట. "కరిగించి అచ్చులో పోస్తే ఇడ్లీ. దిమ్మను నొక్కి నొక్కి చేస్తే రొట్టె. జీవితమంతా రొట్టెలు చేసినవాణ్ని, ఇడ్లీల మీద తిరగమంటావా?" అనేవారు. ఫోర్జింగ్ చేసిన చక్రం తేలిగ్గా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యం, అది ఆయన జాతిది. అలాంటివి రెడీగా దొరకవు. మన కారుకు కొలతలిస్తే దిమ్మను ఆ ప్రకారం చెక్కి పంపుతారు. అందుకని ప్రతి సాయంత్రం టీ గ్లాసు చల్లారిపోతుండగా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చక్రాలు చూసేవారు. ఐదు పుల్లలదా, పది పుల్లలదా, నలుపా, కంచు రంగా? పెళ్లికి చీర ఎంచే ఆడవాళ్లను మగవాళ్లు ఎందుకు ఎగతాళి చేస్తారో నాకు ఆ తరవాత ఎప్పుడూ అర్థం కాలేదు.

రంగు తేలినా కొలత తేలలేదు. ఆ కొలత పేరు ఆఫ్‌సెట్. అదేమిటని ఒకసారి అడిగిన పాపానికి, నా చేతిలోని పిండి జల్లెడ లాక్కుని పాఠం చెప్పారు. "ఇదిగో, ఈ వల ఉందే, ఇక్కడే బోల్టులు బిగిస్తాం. వల ఈ చుట్టూ ఉన్న గట్టుకి సరిగ్గా మధ్యలో ఉంటే సున్నా. వల బయటి వైపుకి జరిగేకొద్దీ నంబరు పెరుగుతుంది, చక్రం కారు లోపలికి పోతుంది. నంబరు తగ్గితే చక్రం బయటికొస్తుంది. అర్థమైందా?" అయింది, కానీ నా దిగులు వేరే ఉంది. "అయితేమాయె గానీ, పిండెప్పుడు జల్లించాలె?" అన్నాను. కంపెనీవాళ్లిచ్చిన చక్రం నంబరు నలభై ఐదు. అది మడ్‌గార్డు లోపల ఎక్కడో దాక్కుని, వదులు చొక్కా తొడుక్కున్నవాడి చెయ్యిలా ఉంటుందని ఆయన బాధ. చక్రం అంచు, కారు ఒళ్లు ఒకే గీత మీద నిలబడాలి. అలాగని బయటికి ఎక్కువ లాగితే టైరు మడ్‌గార్డు అంచుకు ఒరుసుకుంటుంది. ఎంత లాగొచ్చో చూడటానికి మా ఆయన, తమ్ముడు కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు.

ఒక ఆదివారం పొద్దున చపాతీలకు కలిపి పెట్టిన పిండి గిన్నెతో సహా మాయమైంది. వెతుక్కుంటూ షెడ్డుకు వెళ్లేసరికి, పాత చక్రాల వెనక ఇనుప బిళ్లలు పెట్టి వాటిని బయటికి జరిపి, మడ్‌గార్డుల లోపలి అంచున నా పిండిని ముద్దలు ముద్దలుగా అంటిస్తున్నారు. టైరు తాకితే పిండి నలుగుతుంది, ఎంత నలిగిందో చూస్తే ఎంత సందు ఉందో తెలుస్తుంది. మా ఆయన కారు నడిపారు. తమ్ముడు స్కూటర్ మీద, మెడ పక్కకు వంచి చక్రాన్నే చూస్తూ వెనకాల వెళ్లాడు. కాజీపల్లి దాకా ప్రతి స్పీడు బ్రేకరూ ఎక్కించి దించి తిరిగొచ్చారు. మందుల ఫ్యాక్టరీల వాసన పీల్చుకుని నా గోధుమపిండి ఏ జబ్బుకు పనికొచ్చేలా తయారైందో గానీ, దాన్ని పళ్లెంలో పరిచి వెర్నియర్ కొలబద్దతో కొలిచారు. బిళ్లలు మార్చారు, మళ్లీ తిరిగారు, మళ్లీ కొలిచారు. చివరికి ముప్పై అని తేల్చారు. ఆ రోజు మేం ముగ్గురం హోటల్ నుంచి తెచ్చుకున్న పూరీలు తిన్నాం.

నెలలు గడిచాక చక్రాలు వచ్చాయి. కంచు రంగు, పది సన్నటి పుల్లలు. ఆయన వాటిని ముందు గదిలో దుప్పటి మీద పెట్టుకుని, ఒక్కొక్కదాన్ని వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. మగవాళ్లు అంత మెత్తగా ఒక వస్తువును తాకడం నేనెప్పుడూ చూడలేదు. మరుసటి రోజే బొంతపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర పూజ. కొత్త బండైనా, బండికి కొత్త చక్రాలైనా, స్వామికి చూపించకుండా రోడ్డు మీద తిప్పరు మా వైపు. నేను పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని కారులోకి దిగబడ్డాను. ఆ కారులో నేను కూర్చోవడం అదే మొదటిసారి కాదు గానీ, ఆ చక్రాల మీద మాత్రం అదే మొదటిసారి. దారిలో అడపాదడపా ఏదో గీరుకున్నట్టనిపించినా కొత్త టైర్లు కదా అనుకున్నాం. గుడి ముందు చక్రాలకు పసుపు కుంకుమ పెట్టి, నాలుగు నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే ఎడమ వెనక నుంచి గర్రుమంది. ఈసారి ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది.

"నిమ్మతొక్క ఇరుక్కుంది" అన్నారాయన. దిగి చూశారు, ఏమీ లేదు. ఇంకో బ్రేకరు, మళ్లీ గర్రు. స్కూటర్ మీద వెనకే వస్తున్న తమ్ముడు కూడా వంగి చూసి, "బావా, అక్కను జెర దిగమను" అన్నాడు. దిగాను. కారు బ్రేకరు మీద ముందుకూ వెనక్కూ వెళ్లింది, చప్పుడు లేదు. ఎక్కాను, చప్పుడొచ్చింది. అప్పుడు తట్టింది ఇద్దరికీ. అంత శ్రద్ధగా పిండి అంటించి, వెర్నియర్ పెట్టి కొలిచిన పెద్దమనుషులు, పక్క సీటులో ఒక మనిషి కూర్చుంటే కారు ఆ వైపు దిగుతుందన్నది లెక్కలోకి తీసుకోలేదు. అన్నిసార్లూ ఆయన ఒక్కరే నడిపారు. ఇప్పుడా మాట పైకి ఎవరు అనాలి? తమ్ముడు ఆకాశంలో మబ్బులు చూస్తున్నాడు. మా ఆయన గొంతు సవరించుకుని, "ఈ రోడ్డు అస్సలు బాలేదు" అన్నారు. నేను రోడ్డు పక్కన పట్టుచీరలో నిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. "రోడ్డు కాదు, నేను బాగలేను. సాఫ్ చెప్పుండ్రి" అన్నాను.

ఆ చక్రాలు వాపసు తీసుకోరు, ఆర్డరు మీద చెక్కినవి. బోల్టు బిగించే ముఖాన్ని కాస్త అరగదీస్తే లోపలికి పోతాయని తమ్ముడు అంటే, మందం తీస్తే బలం పోతుందని ఆయన ఒప్పుకోలేదు. కారును ఎత్తు చేయిద్దామంటే అందం పోతుందన్నారు. ఆదివారం ఆదివారం ఆయనతో పాటు కార్లేసుకుని తిరిగే స్నేహితుడొకాయన సులువైన దారి చెప్పాడు. "ఇలాంటి కార్లో పెళ్లాన్ని ఎవరు ఎక్కించుకుంటారు గురూ? నువ్వొక్కడివే తిరుగు, ఏం తాకదు." నేను వంటింట్లోంచి విన్నాను. నవ్వులాటగా మొదలైన విషయం ఆ క్షణాన నాకు నవ్వులాటగా లేదు. చెంచా చేతిలో పట్టుకుని జవాబు కోసం ఆగిపోయాను. ఆయన స్నేహితుణ్ని టీ తాగమన్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి పాత ఇడ్లీ చక్రాలు మళ్లీ ఎక్కించుకుని వచ్చారు. కొత్తవాటిని నా పాత నూలుచీరలో చుట్టి మంచం కిందికి తోశారు.

దాంతో అయిపోయిందా అంటే, లేదు. సరైన నంబరు ఎంతో తేలాలి కదా! ఇంకో ఆదివారం మళ్లీ నా పిండి గిన్నె బయల్దేరింది. ఈసారి నేనూ బయల్దేరాను. బరువుగా పక్కన కూర్చోవడమే నా పని. తమ్ముడు కొంతదూరం స్కూటర్ మీద వచ్చి, "మీరు పొయి రాండ్రి బావా, నాకు షెడ్డుల పనుంది" అని నవ్వుకుంటూ వెనక్కి తిరిగాడు. ముంబయి రోడ్డు మీద లారీల మధ్యనుంచి సంగారెడ్డి దాకా వెళ్లాం. మా అమ్మవాళ్ల వీధిలోంచి ఒక చుట్టు తిరిగాం, ఆ వీధికి స్పీడు బ్రేకర్లు ఎక్కువని ఆయన సాకు. రోడ్డు పక్కన సీతాఫలాలు కొనుక్కుని, కారు ఆపుకుని, గింజలు కిటికీలోంచి ఉమ్ముతూ తిన్నాం. షిఫ్టు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని నేను, చూస్తే బాగుండునని ఆయన. ఇంటికొచ్చి నలిగిన పిండిని కొలిచి, "ముప్పై ఎనిమిది. నీకూ నాకూ కలిపి ముప్పై ఎనిమిది" అన్నారు. ఆయన నాతో చెప్పిన ప్రేమమాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

ఆ ముప్పై ఎనిమిది ఎప్పటికీ రాలేదు. వచ్చే దసరాకు చేయిద్దామనుకున్నాం, ఆ పై దసరాకు అనుకున్నాం. ఈలోగా ఆయన గుండె ఆసుపత్రుల చుట్టూ తిప్పింది. ప్రతి ఆయుధపూజకూ మంచం కింది చక్రాలు బయటికి తీసి, తుడిచి, కుంకుమ పెట్టి, మళ్లీ చీరలో చుట్టేవారు. ఆయన పోయాక ఆ పని నేను చేస్తున్నాను. కారు అమ్మెయ్యమని చెప్పనివాళ్లు లేరు. నేను అమ్మలేదు. ఆయన నేర్పిన డ్రైవింగే కదా అని, కుడివైపు సీటులోకి జరిగి నేనే నడుపుతున్నాను. ఎడమవైపు సీటులో నా సంచీ ఉంటుంది.

తమ్ముడి మాట రెండురోజులు నాలో తిరిగింది. మూడోరోజు చక్రాలు ఆ నూలుచీరతోనే ఆటోలో వేయించుకుని షెడ్డుకు వెళ్లి, "ఎక్కియ్యి" అన్నాను. ఎక్కించాడు. ఆయన కోరుకున్నట్టే చక్రమూ కారు ఒళ్లూ ఒకే గీత మీద నిలబడ్డాయి. ఇంత అందంగా ఉంటుందని తెలిసి కూడా విప్పేశాడా ఈ మనిషి, అనుకున్నాను. బొంతపల్లి వైపు ఒక్కదాన్నే బయల్దేరాను. గుడి ముందు కారు వెనక్కి తిప్పాక అదే స్పీడు బ్రేకరు. దాని మీదికి కావాలనే కొంచెం జోరుగా ఎక్కించాను. చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి విన్నాను. కారు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. ఏ చప్పుడూ రాలేదు. ఒక్కసారి గర్రుమంటే చాలునని ఎంత ఆశపడ్డానో ఎవరికి చెప్పను? కారు పక్కకు ఆపి, ఖాళీ సీటు మీద చెయ్యి వేసి, నా బలమంతా పెట్టి కిందికి నొక్కి చూశాను.

తిరిగి వచ్చి తమ్ముడికి తాళంచెవి ఇచ్చేశాను. "ఇవి విప్పెయ్యి. ఆ వంకరపోయినదాన్ని ఎట్లన్న సాపు చేయించు, ఎన్ని రోజులైనా సరే, నేను బస్సుల తిరుగుతా" అన్నాను. అతను చక్రాలు చుట్టడానికి పాత నూలుచీర కోసం చెయ్యి చాచాడు. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని, ఆయన పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లందరూ చెప్పి వెళ్లారు. నిజమే, చక్రాలు సర్దుకున్నాయి. నేనే ఇంకా సర్దుకోలేదు.