వాద్యారు దిద్దుకున్న పేరు

మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పిన వాద్యారు పోయారని మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. స్టవ్ కట్టేసి వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఆయన గొంతు ఎక్కడో పాఠం చెబుతున్నట్టే ఉంది.

ఆయన వియత్నాం యుద్ధం చెబితే రాజపాళయం కొండలే ఆ అడవులైపోయేవి. మబ్బు దిగిన రోజున కిటికీ వైపు చెయ్యి చూపి, "అదో, వియత్‌కాంగ్‌లు అక్కడే దాక్కొని ఉండారు" అనేవారు. వియత్‌కాంగ్ అన్నది అమెరికా సేనలతో పోరాడిన ఆ గెరిల్లాలు తమకు తామే పెట్టుకున్న పేరని చెప్పారు. రోజూ వెనక గోడ దూకి క్లాసుకు వచ్చే మా చోళపురం స్నేహితుడికి ముద్దుగా ఆ పేరే పెట్టారు. ఊరు ఇప్పటికీ అతన్ని అలాగే పిలుస్తుంది.

రెండేళ్ల కిందట లైబ్రరీ పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. కాఫీ ముట్టలేదు.

"పాపా, నేను తప్పు చెప్పినాను. 'వియత్నాం కమ్యూనిస్టు' అనేదాన్ని కుదించి సైగాన్‌లో ఎదురుపక్షం వాళ్లు అంటించిన పేరంట అది. దేశద్రోహి అనే తిట్టు కూడా అందులో ఉండిందని కొందరంటారు. వాళ్లు మాత్రం తమని విడుదల సేన అనే చెప్పుకొన్నారు."

"ఇప్పుడు దానికేం సార్? పరీక్షలు ఎప్పుడో అయిపోయినాయే."

"పరీక్ష అయిపోయింది. ఆ చోళపురం వాడి మీద ఆ పేరు ఉండాది కదా."

క్లాసువాళ్ల అడ్రసులు ఊరివారీగా రాసి ఉంచుకునే అలవాటు నాది. అందుకే, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి ఆ తప్పు దిద్దాలని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఇద్దరం బస్సెక్కి ముందు సేత్తూరు, తర్వాత తళవాయిపురం వెళ్లాం. అక్కడ టైలరింగ్ చేసే మా స్నేహితురాలు అంతా విని నవ్వింది.

"పరీక్షలో అదే రాస్తే అయిదు మార్కులు వేసినారే సార్, వెనక్కి తీసుకుంటారా?"

"మార్కులు నీవేమ్మా. తప్పు నాది."

చోళపురం ప్రయాణం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తూ వచ్చారు. "వాడు నన్ను మన్నించకపోతే?" అన్నారు ఒకసారి, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ.

చివరికి ఒక పొద్దున వెళ్లాం. పొలమంతా నీళ్లు, నీళ్ల మీద పొగలాంటి మంచు. స్నేహితుడు గట్టు మీదికి వచ్చి విన్నాడు.

"మీరు పెట్టిన పేరని గొప్పగా తిరిగినాను సార్. బండి మీద కూడా రాయించినాను. తిట్టా అది?"

"తిట్టేరా. తెలియక పెట్టినాను. మన్నించు."

అతను కాలి బురద గట్టుకు రాసుకుంటూ, "పోనీండి సార్, నాకు పని ఉండాది" అని మళ్లీ పొలంలోకి దిగిపోయాడు. వాద్యారు ముఖం చిన్నబోయింది. అయినా కదల్లేదు. హాజరు పిలిచే గొంతుతో, వాళ్ల నాన్న స్కూలు రిజిస్టర్‌లో రాయించిన అసలు పేరు పిలిచారు. అతను తిరగలేదు. మరోసారి పిలిచారు.

మంచులో వంగిన మనిషి మెల్లగా నడుము ఎత్తాడు.

"ఉండాను సార్!"

నీళ్లు కారుతున్న ఆ చెయ్యి చాలాసేపు పైకి ఎత్తే ఉంది.