నిన్నటి పులుసమ్మగారు

మెస్సు అమ్మగారు పోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. పాయకరావుపేటలో విత్తనాల బస్తాలు లారీకి ఎక్కించి నర్సీపట్నం తిరిగి వస్తున్నాను. కండక్టరు టిక్కెట్టు చింపి ఇస్తూ, "మీ పక్క నిన్నటి పులుసమ్మ పోయినాదటండి, పొద్దున్న" అన్నాడు. కుర్రవాడు. ఆ పేరు వెటకారంగా పలకగా విన్నవాడే తప్ప, ఆప్యాయంగా పలికిన రోజులు ఎరగడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బస్టాండుకు ఎదురు సందులో నా విత్తనాల షాపు. మాకవరపాలెం పక్క పల్లె నుంచి వచ్చి తొంభైల మొదట్లో పెట్టాను. గోడకు అవతల ఆవిడ మెస్సు. భర్త మిషను ఆస్పత్రిలో పని చేస్తూ చిన్న వయసులోనే పోయాడు. ఒక్క కూతురు. అమ్మగారు మిషను బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నారు. అక్షరాలు గుండ్రంగా, బియ్యపు గింజల్లా రాసేవారు. ఆ రాతే చివరికి ఆవిడ కొంప ముంచింది.

మెస్సు గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉండేది. దాన్ని నిలువునా రెండుగా చీల్చి, పైన తెల్ల పెయింటుతో రెండు మాటలు రాయించారు. ఎడమ పక్క 'ఈవేళటి'. కుడి పక్క 'నిన్నటి'. వాటి కింద రోజూ పొద్దున్నే సుద్దముక్కతో ఏది ఎప్పుడు వండిందో రాసేవారు. అంతటితో ఊరుకునేవారు కాదు. 'పప్పు కొంచెం అడుగంటింది', 'పెరుగు పులిసింది', 'ఈవేళ వంకాయలు ముదురు' అని కూడా రాసేవారు.

ఒకసారి కొత్తగా బదిలీ మీద వచ్చిన వ్యవసాయ శాఖ ఆఫీసరు ఆ బల్ల చదివి నవ్వారు.

"ఏంటమ్మా ఇది, పప్పు మాడిందని మీరే రాసుకుంటే ఎవడు తింటాడు?"

"మాడిందని తెలిసి తిన్నోడు తిట్టడు బాబూ. తెలీకుండా తిన్నోడే తిడతాడు. కూకోండి, పప్పు మానీసి మిరియాల సారు ఎయ్యమంటారా?"

ఆయన పప్పే వేయించుకుని తిన్నారు. ఉన్నన్నాళ్ళూ అక్కడే తిన్నారు.

ఇక నిన్నటి పులుసు. చేపల పులుసు వండిన పూట తినేవాడికి రుచి తెలియదని మన వైపు పుట్టిన ఎవరికీ చెప్పక్కరలేదు. సాయంత్రం మట్టిదాకలో కాచి, రాత్రంతా ఉంచి, మర్నాడు తింటేనే ముక్కకు పులుపు పడుతుంది. చింతపల్లి ఘాటు ఎక్కే లారీ డ్రైవర్లు బండి దిగుతూనే, "నిన్నటిది ఉందేటమ్మా?" అని కేకేసేవారు. లేకపోతే ఆవిడే నొచ్చుకున్నట్టు, "ఈవేళటిదే ఉంది నాయనా, రేపు దిగినప్పుడు రా" అనేవారు. నిన్నటి పులుసమ్మ అన్న పేరు ఆ డ్రైవర్లు పెట్టిందే. ఆ పేరుతో పిలిస్తే ఆవిడ మురిసిపోయేవారు.

దాక దించేముందు ప్రార్థన చేసుకునేవారు. కళ్ళు తెరిచే చేసుకునేవారు. అదేమిటని అడిగితే, "కళ్ళు మూస్తే పక్క పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఆయనకి తెలీదేటి?" అన్నారు.

నన్నూ వదల్లేదు. ఒకనాడు షాపు ముందు నిలబడి బస్తాల వంక చూస్తూ, "నీ ఇత్తనాలు ఈవేళటివో నిన్నటివో బోర్డెడతావేటి బాబూ?" అన్నారు. నవ్వాను గాని ఆ మాట నాతో ఉండిపోయింది. ఆ ఖరీఫు నుంచి ఏ బస్తా ఏ ఏటి పంటదో అట్టముక్క మీద రాసి కట్టడం మొదలుపెట్టాను. కొందరు రైతులు పక్క షాపుకు పోయారు. ఉన్నవాళ్ళు ఉండిపోయారు. ఇవాళ నాకు ఊళ్ళో ఉన్న కాస్త మాట ఆవిడ పెట్టిన భిక్షే. "నిన్నటిదని సెప్పి పెడితే కూర. సెప్పకుండా పెడితే దొంగతనం" అనేవారు. ఇప్పటికీ అట్టముక్క కడుతుంటే ఆ మాటే గుర్తుకొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటాక చలికాలంలో కొండ మీది మంచు చూడటానికి కార్లు రావడం మొదలైంది. విశాఖపట్నం నుంచి ఒక టూర్ల ఆఫీసు వాళ్ళు శనాదివారాలు వ్యాన్లు పంపేవారు. దిగేటప్పుడు అందరికీ భోజనం ఈవిడ దగ్గరే. మెస్సుకు మంచి రోజులు వచ్చాయనుకున్నాం. కూతురికి పెళ్ళయి, అల్లుడు ఇక్కడే ఉండి వ్యాపారం చూసుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం హైదరాబాదు కుర్రాళ్ళు పెద్ద కారులో దిగారు. బల్ల ముందు నిలబడి తెగ నవ్వారు. ఒకడు ముక్కు మూసుకుని నిలబడితే ఇంకొకడు ఫొటో తీశాడు. తరువాత లోపలికి వెళ్ళి ఆ పులుసే మారు అడిగి వేయించుకుని తిన్నారు. వాళ్ళు వెళ్ళాక అమ్మగారు నా షాపులోకి వచ్చి, "మన బోర్డుకి ఫొటో తీసినారు బాబూ. పేపర్లో ఏస్తారేటో" అన్నారు. ముఖంలో ఆ వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

ఏడాది తిరిగేసరికి వ్యాన్లు ఆగిపోయాయి. ఎందుకో తెలియలేదు. అల్లుడు విశాఖపట్నం వెళ్ళి అడిగితే, టూర్ల ఆఫీసులో కంప్యూటరు తిప్పి చూపించారట. తిరిగి వచ్చి నన్ను సందు చివర నెట్ సెంటరుకు తీసుకెళ్ళాడు. ఊళ్ళు తిరిగేవాళ్ళు తాము చూసినవి రాసుకునే సైటు అది. అందులో మా బల్ల ఉంది. ఆవిడ గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. 'నిన్నటి' కింద 'చేపల పులుసు'. పక్కన ముక్కు మూసుకున్న కుర్రాడు. కింద ఇంగ్లీషులో రాసినదాన్ని అల్లుడు చదివి చెప్పాడు. ఈ ఊళ్ళో పాసిపోయిన చేపలు బోర్డు పెట్టి మరీ అమ్ముతారు, తిని బతికి బయటపడ్డాం అని దాని భావం. వాళ్ళు సరదాకే రాసి ఉంటారు. దాని కింద మన పులుసు సంగతి తెలియని ఊళ్ళవాళ్ళు ఛీ ఛీ అని రాసుకుంటూ పోయారు.

అమ్మగారికి చెబితే ముందు అర్థం కాలేదు. "నిన్నటిదని రాసినాను గదా. దాచలేదు గదా. మరేటి తప్పు?" అన్నారు.

అల్లుడు ఎక్కడో పట్టుకుని ఒక మనిషిని తీసుకొచ్చాడు. విశాఖపట్నంలో ఆఫీసు ఉందట. ఇస్త్రీ చొక్కా, బూట్లు. కంపెనీలకు, పెద్దవాళ్ళకు ఇంటర్నెట్టులో పేరు చెడితే బాగుచేసి పెడతాడట. అమ్మగారు అన్నం వడ్డిస్తూ అడిగారు.

"పేరు బాగుసేస్తావా? అదేమైనా ఇత్తడి సెంబేటి బాబూ, సింతపండెట్టి తోమడానికి?"

"చెడ్డమాట తీయించడం మన చేతిలో లేదండీ. దాని మీద మంచి మాటలు వరసగా పోస్తాం. అది కిందకి పోతుంది. కింద ఉన్నది ఎవరూ చూడరు."

"ఆ మంచి మాటలు ఎవరు సెప్తారు? ఇక్కడ తిన్నోళ్ళా?"

"మావాళ్ళే రాస్తారండి, రకరకాల పేర్లతో."

"తినకుండానా?"

అతను నవ్వాడు. అమ్మగారు నవ్వలేదు.

"మాడిన కూర మీద కొత్తిమీర సల్లినట్టు. వొద్దు బాబూ. నువ్వు తినీసి బేగి బయల్దేరు, బస్సెళ్ళిపోద్ది."

అతను లేస్తూ, ముందు ఆ బల్ల తీసేయమని అల్లుడికి మెల్లగా చెప్పాడు. ఆ మాట ఆవిడ వినలేదు. నేను విన్నాను.

అల్లుడు చెడ్డవాడని నేను అనను. వ్యాపారం కళ్ళముందు పోతుంటే చూడలేకపోయాడు. అత్తగారికి చెప్పకుండా ఆ మంచి మాటలు రాయించాడు. నెల్లాళ్ళకు ఒక కుటుంబం కారు దిగి, రొయ్యల బిర్యానీ కావాలన్నారు. ఏసీ గది ఎక్కడని అడిగారు. ఆవిడ తెల్లబోయారు. మెస్సు పుట్టాక అక్కడ రొయ్య వండలేదు. వాళ్ళు ఆ సైటులోంచి అచ్చు తీసిన కాగితం చూపించారు. అందులో ఆవిడ రొయ్యల బిర్యానీని, చల్లని హాలును ఎవరెవరో మెచ్చుకున్నారు.

ఆ మరుసటి నెల మొదటి ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ అమ్మగారు లేచి నిలబడ్డారు. మా ఊళ్ళో గుడి అంటే చర్చి కూడా గుడే. నేను ఆ గుడివాణ్ణి కాను. సంఘంలో ఉన్న మా షాపు గుమాస్తా వచ్చి చెప్పిందే రాస్తున్నాను. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకోవడం. ఆవిడ అదేదీ చెప్పలేదట. "నా మెస్సు గురించి కంప్యూటర్లో మంచి రాసినారు. అది రాయమని నాను సెప్పలేదు గానీ, నా ఇంట్లోంచే జరిగింది. నాను రొయ్యలు వండలేదు. నాకు ఏసీ లేదు. ఆ మంచి అంతా అబద్దం. ఎవరూ నమ్మకండి" అని చెప్పి కూర్చున్నారట.

ఎవరినీ పేరు పెట్టి అనలేదు. తన గురించి చెప్పిన అబద్ధపు మంచిని కాదన్నారు, అంతే. కాని గుడిలో మనిషి లేచి తలవంచుకుని చెబితే ఊరు దాన్ని సాక్ష్యంగా వినదు, ఒప్పుకోలుగా వింటుంది. గుడి మెట్లు దిగేసరికే మాట మారింది. సాయంత్రానికి బస్టాండులో, "పులుసమ్మ ఒప్పీసుకుందటరా, గుళ్ళో అందరెదురుగా" అన్నారు. ఏమి ఒప్పుకుందని ఎవరూ అడగలేదు. పాసిపోయిన చేపలు పెట్టినట్టు ఒప్పుకుందని వాళ్ళే పూరించుకున్నారు.

అప్పటిదాకా చెడు కంప్యూటర్లోనే ఉంది. ఊళ్ళో ఆవిడ మాటకు విలువ ఉంది. ఆ ఆదివారంతో అదీ పోయింది. మెస్సు నుంచి ఆఫీసులకు వెళ్ళే భోజనం క్యారేజీలు ఒక్కొక్కటే ఆగాయి. కాలేజీ పిల్లలు గుమ్మం ముందు నుంచి పోతూ, "నిన్నటిదుందా, మొన్నటిదుందా?" అని అరిచేవారు. అదే మాటతో కడుపు నింపుకున్న డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళలో ఒక్కడూ ఆ పిల్లల్ని కసిరిన పాపాన పోలేదు. కొద్దిరోజులకు ఆ సైటులో కొత్త మాట చేరింది. హోటలు యజమానురాలే తప్పు ఒప్పుకుందట, అని.

నేను నెట్ సెంటరుకు వెళ్ళాను. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగులో చెప్పి అక్కడివాడి చేత రాయించాను. ఈ మెస్సు పక్కనే ఏళ్ళ తరబడి ఉన్నాను, రోజూ తిన్నాను, నిన్నటి పులుసంటే పాసిపోయింది కాదు, మాగిన పులుసు అని రాయించాను. వారం పోయాక వెళ్ళి చూస్తే దాని కింద ఎవరో ఒక ముక్క రాశారు. ఇది కూడా డబ్బిచ్చి రాయించిందే అని.

ఆ సంగతి అమ్మగారికి చెప్పాను. ఆవిడ అన్నారు: "ముందు అబద్దం వొచ్చి పీటేసుక్కూకుంటే, ఎనకాల వొచ్చిన నిజానికి సోటేదీ బాబూ."

అల్లుడు బల్ల పీకేశాడు. గోడలు కొట్టించి, అద్దాలు పెట్టించి ఫ్యామిలీ రెస్టారెంటు చేశాడు. ఆవిడ అడ్డు చెప్పలేదు. వంటింట్లోకీ వెళ్ళలేదు. వెనక గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చునేవారు. నేను మధ్యాహ్నం షాపు మూసి అటు వెళితే అప్పుడప్పుడు అడిగేవారు.

"ఇంకా ఉందేటి బాబూ, కంప్యూటర్లో ఆ బొమ్మ?"

"ఉందండి."

"తియ్యలేరేటి?"

"తియ్యరటండి."

"కూరైతే ఈపాటికి పారబోసీదాన్ని" అనేవారు.

అలా మూడు నాలుగేళ్ళు కూర్చున్నారు. జ్వరం వచ్చింది, తగ్గలేదు. పోయారు.

పోయినవారిని తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడిక రెస్టారెంటులోనే పెట్టారు. మనుషులు బాగానే వచ్చారు. క్యారేజీలు మాన్పించినవాళ్ళూ వచ్చారు. ఆవిడ చేతి రుచి గురించి ఒకరి తరువాత ఒకరు లేచి చెప్పారు. బతికుండగా ఒక్క ముక్క అనని నోళ్ళవి. పాస్టరుగారు తలూపారు. గోడ మీద ఫ్లెక్సీలో ఆవిడ ఫొటో, దాని కింద 'అమ్మ చేతి వంట, ఎప్పుడూ తాజా' అని ఎర్ర అక్షరాలు. అది కూడిక కోసం కట్టింది కాదు. రెస్టారెంటుకు ముందునుంచే ఉన్నది. అప్పటికప్పుడు దండ వేశారు. నేను లేచి ఏమీ చెప్పలేదు. చెబితే ఆ వరసలో అదీ ఒకటి అవుతుంది.

భోజనాల దగ్గర చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాను. నీళ్ళ డ్రమ్ము మీద మూతగా ఒక చెక్క ఉంది. నల్లబల్ల. సుద్ద ఎప్పుడో పోయింది. పెయింటు పోలేదు. 'ఈవేళటి', 'నిన్నటి'. రెండింటి కిందా ఖాళీ. వడ్డించే మనిషి ఒకడు వచ్చి, నీళ్ళు ముంచుకోబోయి, చేతిలో ఉన్న తడి గ్లాసు దాని మీద పెట్టాడు. మూత జరపడానికి మళ్ళీ తీశాడు. 'నిన్నటి' కింద గుండ్రంగా తడి ముద్ర పడింది. ఎండ పడే చోటు. అది ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.