తలరుమాల్లో ఉల్లిగడ్డ

జంబన్న తలరుమాలు విప్పితే ముందు కిందపడేది ఉల్లిగడ్డ. రాయచూరు ఎండకు వడదెబ్బ తగలకుండా అది అక్కడ ఉండాల్సిందే. శక్తినగర్ థర్మల్‌లో బాయిలర్ పక్కన చెమటోడ్చినప్పుడూ ఉంది, పింఛను తీసుకుంటూ అరుగెక్కి అందరికీ తీర్పులు చెప్పే ఇప్పుడూ ఉంది. కూతురి పెండ్లిలో పీటల మీద కూర్చున్నా తీయలేదు. అంత మొండి. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉంది, ఆలస్యం చేస్తే పాకుతుంది, కోసి తీయాలి అని డాక్టర్లు చెప్తే, "ఒంట్ల వేడి, అంబలి తాగితే తగ్గుతది" అని నెలంతా కుండ పట్టుకు తిరిగాడు. క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్న మనవరాలు ప్రజ్ఞ ఇంటికి రాగానే, భార్య శరణమ్మ అతన్ని ఆ పిల్ల ముందు కూర్చోబెట్టింది. "ఆ ఉల్లిగడ్డ కింద బుర్ర ఉన్నదో లేదో సూడవే ముందు" అంది.

ప్రజ్ఞ నవ్వి చెప్పింది. "తాతా, వేడి తగిలినా, దెబ్బ తగిలినా మన కణాలల్ల కాపాడే ప్రోటీన్లు పుడ్తయి. గడ్డ వాటినే దండిగ పెంచుకొని తన పానం కాపాడుకుంటది. గందుకే సావకుండ పెరుగుతది, పక్కకు పాకుతది. నీ అంబలికి లొంగదు."

జంబన్న తల తడుముకున్నాడు. "అంటే అది గూడ ఉల్లిగడ్డ పెట్టుకున్నదంటవ్."

"గట్లనే అనుకో."

"నాకన్న మొండిదున్నట్లుందే" అన్నాడు, కాస్త నొచ్చుకుని.

ఆపరేషన్ రోజు నర్సు అడగకముందే రుమాలు విప్పి, ఉల్లిగడ్డను శరణమ్మ చేతిలో పెట్టాడు. డాక్టరు వైపు తిరిగి, "నాది నేను తీసిన సారూ. ఇగ దానిది మీరు తీయుండ్రి" అన్నాడు.