ఖాలా ఆంగన్‌లో ఎండ

మా పక్కింటి ఖాలా పోయింది. మొన్న శుక్రవారం పొద్దున నేను పాలు కాస్తుంటే వాళ్ళ కోడలు గోడ అవతలి నుంచి "ఆపా" అని ఒక్కసారి పిలిచి ఊరుకుంది. రెండోసారి పిలవలేదు. నాకు తెలిసిపోయింది. స్టవ్ ఆపేసి చెప్పుల్లేకుండానే వెళ్ళాను.

పాతబస్తీ జహనుమాలో మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. నేను పెళ్ళై వచ్చిన రోజు, మా అత్తగారి కంటే ముందు నాతో మాట్లాడింది ఖాలాయే. ఆ రోజు "దుల్హన్", అంటే పెళ్ళికూతురా, అని పిలిచింది. నా కొడుకు కాలేజీకి వెళ్ళేంతవాడయ్యాక కూడా నేను ఆమెకు దుల్హన్‌నే. ఖాలా అంటే పిన్ని, ఆమె అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమే చెప్పింది, "పేరు నక్కో, బీమారీ రాయి. ఆడోళ్ళకు తెలువాలె" అని. అందుకే జబ్బు పేరు రాస్తున్నాను. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. చివరిచూపుకు వచ్చినవాళ్ళలో కొందరు కడుపులో గడ్డ అనుకున్నారు, మిగతావాళ్ళు అడగలేదు.

మాది పాల వ్యాపారం చేసిన ఇల్లు. గోడకు ఇవతల పొట్టి రేకుల కొట్టం, అందులో బర్రెలు. అవతల ఖాలా ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఆంగన్. ఇంటి పని తెమిలాక ఆమె అక్కడ తల విరబోసుకుని, చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని, జరీ కుట్టే జర్దోజీ చట్రం ముందు కూర్చునేది. మా కొట్టం మీదుగా వచ్చిన ఎండంతా ఆమె ఒళ్ళో పడేది. దాంతోపాటు పేడ వాసన కూడా. "నేను ఎంత అత్తరు పూసుకున్నా మీ బర్రెలే గెలుస్తయి దుల్హన్" అనేది. పాలు పలచగా ఉన్న రోజు గిన్నె ఎత్తి చూపించి, "ఇయ్యాల మీ బర్రెకు మస్తు దూపయినట్టున్నది, మూసీ అంత తాగొచ్చిందా ఏంది?" అని అడిగేది. మా మామయ్య ముసిముసిగా నవ్వుతూ ఇంకాసిన్ని పాలు పోసేవాడు.

ఆ మామయ్య గురించి ఒక మాట చెప్పాలి. రేకులు సరిచేయాలన్నా, గడ్డి ఆరబోయాలన్నా ఆయన ముందు నిచ్చెన కింద నిలబడి "పర్దా" అని గట్టిగా కేక వేసేవాడు. పాతబస్తీలో ఇంటి పైకెక్కే మగవాళ్ళందరికీ తెలిసిన మర్యాదే అది. అవతలి ఆడవాళ్ళు లోపలికి జరిగాక ఖాలా "హౌ, ఎక్కుండ్రి" అనేది. ఆ మాట వినబడేదాకా ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టేవాడు కాదు. వానకు కొట్టం కారిపోతున్నా అంతే.

తర్వాత బర్రెలను అమ్మేశాం. కొట్టం తీసేసి అంతస్తులు లేపాం. ఖాలా మేస్త్రీలకు చాయ్ పంపింది, పేడ వాసన పీడ వదిలిందని నాతో నవ్వింది. మామయ్య అప్పటికి మంచంలో ఉన్నాడు. ఆంగన్ వైపు కిటికీలు పెట్టొద్దు, పైన చిన్న వెంటిలేటర్లు చాలని మా ఆయనకు చెప్పాడు. మామయ్య పోయాక లెక్క మారింది. అద్దెకిచ్చే గదులకు గాలీ వెలుతురూ లేకపోతే ఎవరూ రారని మేస్త్రీ అన్నాడు. నా గదికి కూడా ఒకటి ఉంటే బాగుంటుందని నేనూ అన్నాను. అట్లా ఆంగన్ మీదికి పెద్ద పెద్ద కిటికీలు తెరుచుకున్నాయి. మనిషైతే ఎక్కే ముందు కేక వేస్తాడు. కిటికీ ఏం కేక వేస్తుంది?

అద్దెకు వచ్చిన కుర్రవాళ్ళు మంచివాళ్ళే. వంకర చూపు చూసిన వాడు ఒక్కడూ లేడు. అయినా ఖాలా మొదట తల మీద చున్నీ కప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. తర్వాత చేతులు కప్పుకుంది. ఆ తర్వాత చట్రాన్ని లోపలి గదిలో ట్యూబ్‌లైటు కిందికి మార్చింది. ఒకరోజు చూస్తే ఆంగన్ మొత్తానికీ నీలం టార్పాలిన్ కట్టి ఉంది. వానకోసమని చెప్పింది. అది నడి చలికాలం. నాకు విషయం అర్థమైంది, కానట్టే ఉన్నాను. "మంచి పని చేసినవ్ ఖాలా, ఇల్లు చల్లగుంటది" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చినంత పనవుతుంది.

ఆ తర్వాతి సంవత్సరం మా గల్లీ చివరి ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళకు పరీక్షల క్యాంపు పెట్టారు. ఖాలా నన్ను తోడు రమ్మంది. కోడలి ముందు చెప్పుకోలేనివి పక్కింటిదాని ముందు చెప్పుకోవచ్చని ఆమె ఉద్దేశం. ఇద్దరం పరీక్ష చేయించుకున్నాం, రక్తం కూడా ఇచ్చాం. తెర వెనక బల్ల మీద పడుకున్నప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. "నలుగురిని కన్న, ఇంకా ఈ షరమ్ పోలే చూడు" అంది.

రిపోర్టుల రోజు డాక్టరమ్మ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కాపురంలో సోకి, తర్వాతెప్పుడో గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు దారితీసే వైరస్ నాకు లేదు, విటమిన్ డి కూడా బాగానే ఉంది. ఖాలాకు వైరస్ ఉంది, విటమిన్ డి అడుగంటింది.

"నా మొగుడు పోయి ఏండ్లయింది బిడ్డా. నాకెట్లొస్తది ఈ వైరస్?" అని ఖాలా తల వంచుకుని అడిగింది.

"అది ఏండ్ల కొద్దీ లోపల సప్పుడు చెయ్యకుండ ఉంటదమ్మా. మీ తప్పు ఏం లేదు. శానామంది ఆడోళ్ళకు వస్తది, ఎక్కువమందికి ఒళ్ళే దాన్ని పోగొడ్తది. మీకు పోలేదు, అంతే."

విటమిన్ తక్కువ కావడం వల్లనా అని నేను అడిగాను. "రెండూ కలిసి కనిపించుడు ఉన్నది. గదే కారణమని మాత్రం నేను చెప్పలేను. విటమిన్ గోళీ మింగితే వైరస్ పోతదని గూడ అనుకోవద్దు. మళ్ళొచ్చి చూపించుకోవాలె, అది ముఖ్యం" అంది డాక్టరమ్మ. తర్వాత ఖాలా వైపు తిరిగి మామూలుగానే అడిగింది. "ఇంట్లో ఎండ వస్తదా అమ్మా? జరసేపు కూసుంటరా?"

నేను బల్ల మీది పెన్నుల డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాను.

"మస్తొస్తది డాక్టర్‌సాబ్. నాకే సుస్తీ, బద్ధకం" అంది ఖాలా.

నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమైనా అనేదాన్నేమో. ఆటోలో వస్తూ "ఖాలా, ఆ కిటికీలు..." అని మొదలుపెట్టాను. "కిటికీ లేకుంటే మనిషెట్ల పండుకుంటడు దుల్హన్? ఊకో. గోళీలిచ్చింది గదా, ఫికర్ చెయ్యకు" అని, దారంతా మలక్‌పేటలో ఉల్లిగడ్డ ధర గురించి మాట్లాడింది.

గోళీలు వేసుకుంది. మళ్ళీ చూపించుకోవడానికి మాత్రం ఒకసారి రంజాన్ అంది, ఒకసారి మనవరాలి నిఖా అంది. ఆమెను చెయ్యి పట్టి లాక్కెళ్ళాల్సింది నేనే. ఆ రిపోర్టు సంగతి తెలిసినదాన్ని ఆ ఇంటి చుట్టుపక్కల నేనొక్కదాన్నే. కానీ వెళితే డాక్టరమ్మ మళ్ళీ ఎండ గురించి అడుగుతుందని, ఖాలా మళ్ళీ నాకోసం అబద్ధం చెబుతుందని నాకు మొహం చెల్లలేదు. ఎప్పుడైనా గోడ మీదుగా "పోదామా ఖాలా?" అని మెత్తగా అనేదాన్ని. "పోదాం, పోదాం" అనేది. రక్తం పోవడం మొదలయ్యాక వెళితే, అప్పటికే ఆలస్యమైందన్నారు.

ఎండ ఉంటే ఖాలా బతికేదని నేను అనలేను. డాక్టరమ్మే అనలేదు. ఆ మాటను అడ్డం పెట్టుకుని నేను హాయిగా ఉండొచ్చు కూడా. ఉండలేకపోతున్నాను. ఎవరి ఎండ ఎవరికి పోయిందో నాకు తెలుసు. మందులు పనిచేయడం మానేశాక కూడా ఆమె నాకు ఎదురుపడితే ముందు అడిగింది "తిన్నవా?" అనే. ఒక్కనాడైనా కోపంగా ఒక మాట అనుంటే బాగుండేది.

ఆమె పోయిన మూడో రోజు మా ఆయనతో కిటికీలు మూయిద్దామన్నాను.

"ఖాలనే పోయింది. ఇంకెవరికోసం?" అన్నాడు.

"కోడలున్నది గదా. ఆమెకు గూడ ఎముకలు నొస్తున్నయంట. విటమిన్ తక్కువున్నదని చెప్పిన్రంట."

"కిరాయిదార్లకు చెప్పాలె మరి" అన్నాడు. "ముందుగాల మన గదిదే మూయిస్త."

ఆ సంగతి చెబుదామని మధ్యాహ్నం కోడలి దగ్గరికి వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు, ఇంట్లో అగరొత్తుల వాసన ఉంది. టార్పాలిన్ ఒక మూల చిరిగి, గోడ పక్కన కుర్చీ పట్టేంత మేర ఎండ పడుతోంది. కోడలు అక్కడ కుర్చీలో కూర్చుని రెండు మోకాళ్ళూ నిమురుకుంటోంది. నన్ను చూసి లేచింది. కిటికీలు మూయిస్తున్నామనీ, వచ్చే వారం నాతో పరీక్షకు రావాలనీ, ఈసారి వాయిదాలు లేవనీ గబగబా చెప్పాను. ఆమె తల మీద చున్నీ సర్దుకుంటూ విన్నది.

"కైకు ఆపా, ఎందుకు? కిటికీలు మూస్తే మీకు గాలెట్ల?" అంది.

"మస్తు చలిగున్నది, ఇట్ల కూసోండ్రి" అని, తను లేచిన ఆ కుర్చీని ఎండ మధ్యలోకి జరిపి, నన్ను భుజం పట్టి కూర్చోబెట్టింది. నా వీపు వెచ్చబడింది. తను మాత్రం నీడలో నిలబడి, చేతులు చున్నీలో దాచుకుని, చాయ్‌లో చక్కెర ఎంత వేయాలని అడిగింది.